అరకు అరబికా కాఫీలో కప్పు నాణ్యత: ప్రతి లాట్‌ను విడిగా రుచి చూడవలసిన ఆవశ్యకత

సారాంశం

తూర్పు కనుమలలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీ నాణ్యతను గింజ పరిమాణం, తేమ శాతం, లోపమున్న గింజల సంఖ్య ఆధారంగా అంచనా వేయడం ఆనవాయితీ. ఇవి అవసరమే గాని చాలవు. తుది తీర్పు కప్పులోనే తేలుతుంది. ఆ తీర్పు రైతుకు ఉపయోగపడాలంటే ఒక రైతు, ఒక తోట, ఒక కోత నుంచి వచ్చిన సరుకును ఇతర సరుకుతో కలపకముందే రుచి చూడాలి. కప్పు పరీక్ష విధానం, దాని వెనుక ఉన్న గణిత తర్కం, లోపాలను బట్టి తోటలో జరిగిన పొరపాటును గుర్తించే పద్ధతి, విస్తరణ శాస్త్రవేత్తలు పాటించదగిన కార్యక్రమం ఈ వ్యాసంలో వివరించబడినవి.

పరిచయం

తూర్పు కనుమలలో కాఫీ సాగు 1898లో తూర్పు గోదావరి ప్రాంతపు పాములేరు లోయలో ఆరంభమైనదని చెబుతారు. కాలక్రమంలో అది విశాఖ మన్యానికి విస్తరించి, నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి తదితర మండలాలలో వేలాది గిరిజన కుటుంబాలకు జీవనాధారమైనది. సిల్వర్ ఓక్, పనస, మామిడి చెట్ల నీడలో కాఫీ, నీడ చెట్లపైకి పాకించిన మిరియం కలసి ఇక్కడి పంటల సరళిగా స్థిరపడ్డాయి. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కేంద్ర కాఫీ బోర్డు, ఆర్.వి. నగర్‌లోని ప్రాంతీయ కాఫీ పరిశోధనా స్థానం, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ పంటతో ముడిపడిన ప్రధాన సంస్థలు.

2018లో పారిస్‌లో ప్రీ ఎపిక్యూర్ పోటీలో అరకు కాఫీ స్వర్ణ పతకం పొందినది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ రెండు గౌరవాలు ప్రాంతం మొత్తానికి దక్కినవి. అయితే పతకం పొందినది ఎంపిక చేసిన సరుకు. ఒక గూడెంలో పక్కపక్కనే ఉన్న రెండు తోటల కాఫీలు ఒకే రుచి కలిగి ఉండవలసిన నియమమేదీ లేదు. ఒకటి పతకానికి తగినది కావచ్చు, రెండవది ఎగుమతికి తిరస్కరింపబడేది కావచ్చు. సంతలోనో కొనుగోలు కేంద్రంలోనో రెండింటినీ ఒకే తక్కెడలో తూచి ఒకే రాశిలో పోసినప్పుడు మొదటి రైతు ప్రతిభ, రెండవ రైతు పొరపాటు ఏకకాలంలో మరుగున పడిపోతాయి. మొదటివాడికి అదనపు ధర రాదు, రెండవవాడికి తన తప్పు తెలియదు. మరుసటి సంవత్సరం ఇద్దరూ చేసిన పనినే మళ్ళీ చేస్తారు.

లాట్ అంటే ఏమి?

ఈ వ్యాసంలో లాట్ అనగా ఒకే తోటలో, ఒకే రకం మొక్కల నుంచి, ఒకే దఫా కోసి, ఒకే విధంగా శుద్ధి చేసి, ఆరబెట్టిన సరుకు. వీటిలో ఏ ఒక్కటి మారినా అది వేరొక లాట్. ఒక ఎకరం ఉన్న రైతుకు కూడా నవంబరు కోత ఒక లాట్, డిసెంబరు కోత మరొక లాట్ అవుతుంది.

ఈ భావన కాఫీకి మాత్రమే పరిమితం కాదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో తయారయ్యే బర్బన్ విస్కీని ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని, లోపలి భాగాన్ని కాల్చిన కొత్త ఓక్ పీపాలలో నిల్వచేయాలని అక్కడి చట్టం. ఒకే రోజు ఒకే బట్టీలో దిగిన సారాను వంద పీపాలలో నింపినా, గిడ్డంగిలో పై అంతస్తు వేడిలో ఉన్న పీపా, కింది అంతస్తు చల్లదనంలో ఉన్న పీపా కొన్నేళ్ళకు రెండు భిన్నమైన రుచులుగా పరిణమిస్తాయి. చాలాకాలం అనేక పీపాలను కలిపి ఏకరీతి రుచిని సాధించడమే పద్ధతిగా ఉండేది. 1984లో బ్లాంటన్స్ అనే పేరుతో ఒక్కొక్క పీపాను విడిగా రుచి చూసి, ఎంపికచేసి, విడిగా సీసాలకెత్తి అమ్మడం మొదలైనది. అక్కడ పీపాకు ఉన్న స్థానమే ఇక్కడ లాట్‌కు ఉన్నది. అక్కడ రుచిలోని భేదం గిడ్డంగిలో పుడుతుంది. కాఫీలో అది తోటలోను, కల్లంలోను పుడుతుంది. కనుక దానిని సరిదిద్దగలవాడు రైతే.

కప్పు పరీక్ష విధానం

స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ రూపొందించిన పద్ధతి రెండు దశాబ్దాలుగా ప్రపంచమంతటా వ్యాప్తిలో ఉన్నది. విద్యార్థులు మొదట దీనిని క్షుణ్ణంగా అభ్యసించాలి.

1. పచ్చగింజ పరిశీలన: పార్చ్‌మెంట్ పొట్టు తీసిన తరువాత 350 గ్రా. నమూనా తీసుకొని లోపమున్న గింజలను ఏరి లెక్కించాలి. మన దేశంలో అరబికా పార్చ్‌మెంట్‌కు తేమ 10 శాతానికి మించరాదన్నది ప్రమాణం.

2. వేయింపు: నమూనాను 8 నుంచి 12 నిమిషాలలో లేత వేయింపు వరకు వేయించాలి. వేయింపు ముదిరితే మాడు రుచి లోపాలను కప్పివేస్తుంది. వేయించిన గింజకు కనీసం 8 గంటల విరామం ఇచ్చి, 24 గంటలలోపు పరీక్షించాలి.

3. కొలత: 150 మి.లీ. నీటికి 8.25 గ్రా. చొప్పున, ప్రతి లాట్‌కు 5 కప్పులు సిద్ధం చేయాలి. ఏ కప్పుకు కావలసిన గింజలను ఆ కప్పుకే తూచి, విడివిడిగా పొడి చేయాలి. మొత్తం ఒకేసారి పొడిచేసి ఐదు భాగాలు చేయరాదు.

4. వాసన: ముందుగా పొడి వాసన చూడాలి. తరువాత సుమారు 93 డిగ్రీల సెల్సియస్ ఉన్న వాసన లేని మంచినీటిని పోసి 4 నిమిషాలు కదపకుండా ఉంచాలి. పైన ఏర్పడిన తెట్టును చెంచాతో విడదీస్తూ ముక్కును కప్పుకు చేరువగా ఉంచి పరిమళాన్ని గ్రహించాలి. అనంతరం తెట్టును తీసివేయాలి.

5. రుచి: నీరు పోసిన 8–10 నిమిషాలకు, ద్రవం 70 డిగ్రీల ప్రాంతానికి దిగినప్పుడు రుచి చూడడం మొదలుపెట్టాలి. చెంచాతో తీసుకొని గట్టిగా జుర్రుకోవాలి. ఇది అమర్యాద కాదు. ద్రవం తుంపరలై నాలుకంతటా పరచుకోవడానికి, ఆవిరి ముక్కు వెనుక భాగానికి చేరడానికి అదే మార్గం. కప్పు చల్లారే కొద్దీ రెండు మూడు పర్యాయాలు చూడాలి. వేడిలో దాగిన లోపం గోరువెచ్చనిలో బయటపడుతుంది. నిజమైన తీపి కూడా అప్పుడే తెలుస్తుంది.

మార్కుల పత్రంలో పది అంశాలుంటాయి. పరిమళం, రుచి, మింగిన తరువాత నిలిచే రుచి, ఆమ్లత, నోటి నిండుదనం, సమతుల్యత, సమగ్ర అభిప్రాయం అనే ఏడింటికి 6 నుంచి 10 వరకు పావు మార్కు అంతరంతో వేస్తారు. ఏకరూపత, శుద్ధత, తీపి అనే మూడింటికి కప్పుకు 2 చొప్పున 10 మార్కులు. ఏదైనా కప్పులో స్వల్ప లోపముంటే 2, తీవ్ర లోపముంటే 4 చొప్పున, లోపమున్న కప్పుల సంఖ్యతో గుణించి తీసివేస్తారు. మొత్తం 80 లేదా అంతకు మించి వస్తే అది స్పెషాల్టీ కాఫీ. ఇటీవల అదే సంస్థ కాఫీ వర్ణనను, పరీక్షకుని ఇష్టాయిష్టాలను వేర్వేరు పత్రాలలో నమోదు చేసే కొత్త విధానాన్ని ప్రవేశపెట్టినది. ‘ఇది ఎలా ఉన్నది’, ‘ఇది నాకు నచ్చినదా’ అనే రెండు ప్రశ్నలను వేరుచేయడం విస్తరణ కార్యక్రమానికి కూడా మేలు. రైతుకు ముందుగా కావలసినది మొదటి ప్రశ్నకు సమాధానం.

ఐదు కప్పులు ఎందుకు?

విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. వేయించిన అరబికా గింజ బరువు సుమారు 0.14 గ్రా. అనుకుంటే ఒక కప్పుకు దాదాపు 60 గింజలు పడతాయి. తీవ్రంగా పులిసిన గింజ ఒక్కటి చాలు, కప్పంతా చెడుతుంది. ఒక లాట్‌లో ప్రతి 100 గింజలకు 1 అటువంటిది ఉన్నదనుకొందాం. ఒకే కప్పు చూస్తే అది పడకుండా తప్పించుకొనే అవకాశం 55 శాతం. అంటే సగానికి పైగా పరీక్షలలో చెడు లాట్ మంచిదిగా చలామణీ అవుతుంది. ఐదు కప్పులు, అనగా 300 గింజలు చూసినప్పుడు తప్పించుకొనే అవకాశం 5 శాతానికి తగ్గుతుంది. గింజలను కప్పు కప్పుకూ విడిగా పొడిచేయాలన్న నియమానికి కూడా ఇదే కారణం. కలిపి పొడిచేస్తే ఒక గింజలోని లోపం పలుచబడి ఐదు కప్పులలోకీ పాకుతుంది. అది ఎంత అరుదైనదో తెలుసుకొనే మార్గం మూసుకుపోతుంది.

ఇదే తర్కాన్ని బస్తాలకు అన్వయిద్దాం. సమాన బరువున్న 20 బస్తాలలో 19 నిర్దుష్టమైనవి. ఒక బస్తాలో మాత్రం ప్రతి 10 గింజలకు 1 పులిసినది. విడిగా ఉంచితే ఆ ఒక్క బస్తాను, అంటే సరుకులో 5 శాతాన్ని పక్కన పెడితే సరిపోతుంది. ఇరవైనీ కలిపితే లోపం 200 గింజలకు 1గా మారుతుంది. చూడడానికి ఇది చాలా తక్కువ. కాని 60 గింజల కప్పులో కనీసం ఒక చెడు గింజ పడే అవకాశం 26 శాతం. అంటే, కలపక ముందు ఇరవై కప్పులలో ఒకటి చెడ్డది. కలిపిన తరువాత ప్రతి నాలుగు కప్పులలో ఒకటి చెడ్డది. కలపడం వల్ల లోపం పలుచబడుతుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. కలపడం లోపాన్ని పంచుతుంది. దాని మూల్యాన్ని 19 మంది రైతులు తమ తప్పు లేకుండా చెల్లిస్తారు.

కప్పులోని లోపం, కల్లంలోని కారణం

నైపుణ్యమున్న పరీక్షకుడు మార్కులు వేయడంతో ఆగడు. లోపాన్ని బట్టి దాని కారణాన్ని వెతుకుతాడు.

• పచ్చి ఒగరు, వేరుశనగ వంటి రుచి: పక్వానికి రాని పండ్లను కోయడం. వేయించినప్పుడు ఇటువంటి గింజలు పాలిపోయి విడిగా కనిపిస్తాయి. ఒక్కసారిగా కొమ్మ దులపక, ఎర్రబడిన పండ్లనే మూడు నాలుగు దఫాలుగా కోయాలి.

• పులిసిన లేదా కుళ్ళిన వాసన: కోసిన పండ్లను రాత్రంతా గోనెలలో కుక్కి ఉంచడం, జిగురు విడవడానికి నిర్ణీత కాలానికి మించి నానబెట్టడం, పల్పర్‌లో నిన్నటి గింజలు మిగిలిపోవడం. కోసిన రోజే పల్పింగ్ చేయాలి. అరబికాకు సాధారణంగా 24–36 గంటలు చాలును. చేతిలోకి తీసుకొని నలిపినప్పుడు జారుడు పోయి గరుకుగా తగిలితే వెంటనే కడగాలి.

• మట్టి, బూజు వాసన: నేలపై ఆరబెట్టడం, సగం ఆరిన గింజ మంచుకు మళ్ళీ తడవడం. జియోస్మిన్ వంటి పదార్థాలు ఇందుకు కారణం. ఎత్తైన జాలీ బల్లలపై పలుచగా ఆరబెట్టి, తరచుగా కదుపుతూ, సాయంత్రం కప్పాలి.

• మందుల వాసన: శిలీంధ్రాల ప్రభావంతో ఏర్పడే ట్రైక్లోరోఅనిసోల్ దీనికి ఒక ముఖ్య కారణం. అత్యల్ప పరిమాణంలో ఉన్నా తెలుస్తుంది.

• పొగ వాసన: పొయ్యి పైన అటకపై లేదా వంటింటిలో ఆరబెట్టడం.

• గోనె, పసుపు, మిరియం, కిరోసిన్ వాసనలు: నిల్వలో అంటుకొన్నవి. కాఫీ గింజ చుట్టూ ఉన్న తేమను, వాసనను పీల్చుకొంటుంది. మన్యంలో పసుపు, మిరియాలు, అల్లం, కాఫీ ఒకే గదిలో ఉండడం సహజం. కనుక ఈ హెచ్చరిక తప్పనిసరి.

వీటిలో మొక్క వల్ల గాని, నేల వల్ల గాని వచ్చినది ఒక్కటీ లేదని పాఠకులు గమనించగలరు. ఎత్తు, నీడ, రకం మంచి రుచికి పునాది వేస్తాయి. నీడలో నిదానంగా పండిన పండులో తీపి బాగా కుదురుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నీడచెట్లను కూల్చినప్పుడు తోటలకు కలిగిన నష్టం కోల్పోయిన దిగుబడితో ముగియనిది అందుకే. అయినా కోత మొదలు బస్తా వరకు గల కొద్ది వారాలలో ఆ పునాది నిలవడమో కూలడమో జరుగుతుంది.

ఒక అనుభవం

కొన్నేళ్ళ క్రితం ఒక శిక్షణ శిబిరంలో, అయిదారు గూడేల సరుకును కలిపి తయారుచేసిన నమూనాను మా బృందం పరీక్షించి ‘స్వల్ప లోపం, కారణం అస్పష్టం’ అని వ్రాసినది. ఆ కలిపిన నమూనాను అంగీకరించినది నేనే. మధ్యాహ్నం మిగిలిన కొద్ది సరుకును లాట్‌లుగా విడదీసి మళ్ళీ కప్పులు పెట్టి, రైతులను కూడా రుచి చూడమన్నాము. చాలామందికి తాము పండించిన కాఫీని త్రాగడం అదే ప్రథమం. నడివయసు మహిళా రైతు ఒకరు నాలుగవ కప్పు దగ్గర ఆగి, “ఇది పొగ కొడతంది సారూ. మా అటకమీద ఆరేసినట్టుంది” అన్నారు. సంకేత సంఖ్యను తీసి చూడగా అది ఆమె లాటే. ఆ డిసెంబరులో పది రోజులు మబ్బు వీడకపోవడంతో గింజను ఇంటిలోకి చేర్చి పొయ్యిమీది అటకపై ఆరబెట్టినట్లు ఆమె చెప్పారు. పొగ కాఫీని పాడుచేస్తుందని తమకు ఎవరూ చెప్పలేదని కూడా అన్నారు.

ఆ మాట శిబిరం నిర్వహించిన మాకు వర్తించేది. ఆమెకు కావలసినది ఉపన్యాసం కాదు. ఒక పాలిథీన్ పరదా, నాలుగు వెదురు కర్రలతో వేసిన బల్ల. పొద్దుట మేము ఇచ్చిన తీర్పు నుంచి ఆ సలహా ఎన్నటికీ పుట్టేది కాదు. రుచి గ్రహించే శక్తి మా కంటె ఆమెకు ముందే ఉన్నది. జీలుగు కల్లు పులుపెక్కినదీ లేనిదీ వాసనతోనే చెప్పగల సమాజం అది. మనం జోడించవలసినది పద్ధతి, పదజాలం మాత్రమే.

పరీక్షకుల శిక్షణ

పదజాలం విషయంలో ఒక సూచన. అంతర్జాతీయ రుచి చక్రంలో కనిపించే బ్లూబెర్రీ, బెర్గమాట్ వంటి పేర్లు మన విద్యార్థులలో అధికులకు అనుభవంలో లేనివి. అనుభవంలో లేని వాసనను కప్పులో గుర్తించడం అసాధ్యం. వల్లెవేయడం మాత్రమే సాధ్యం. నేరేడు, పనస తొన, కమలా తొక్క, ఉసిరి, కొత్త చింతపండు, పట్టుతేనె, బెల్లం పాకం, వేయించిన శనగపప్పు వంటి స్థానిక నమూనాలను గిన్నెలలో ఉంచి అభ్యాసం చేయించాలి. అంతర్జాతీయ పేర్లతో వీటిని పక్కపక్కన వ్రాసిన పట్టికను ప్రతి కేంద్రం తయారుచేసుకోవడం మంచిది.

పరీక్షకుని విశ్వసనీయతను త్రికోణ పరీక్షతో నిర్ధారించవచ్చు. మూడు కప్పులలో రెండు ఒకే కాఫీ, ఒకటి వేరు, వేరైనదానిని గుర్తించాలి. ఊహతో సరిగా చెప్పే అవకాశం మూడింట ఒకటి. ఇటువంటి ఆరు వరుసలలో నాలుగు లేదా అంతకన్న ఎక్కువ ఊహతోనే సరిపోయే అవకాశం 10 శాతం. ఐదు లేదా ఆరు సరిపోయే అవకాశం 2 శాతం లోపు. కనుక ఆరింట ఐదు సరిగా చెప్పినవారినే తీర్పరులుగా నియమించాలి. హోదాకు ఇందులో తావు లేదు. పరీక్ష జరుగుతుండగా మాటలు, ముఖకవళికలు కూడదు. పెద్దవారి కనుబొమ్మ ముడిపడితే విద్యార్థి మార్కులు దిగిపోతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలకు కార్యక్రమం

1. కోతకు ముందే, అక్టోబరులో, ప్రతి సహకార రైతుకు లాట్ చీటీలు ఇవ్వాలి. వాటిపై రైతు పేరు, గూడెం, ఎత్తు, నీడ, కాఫీ రకం, కోత తేదీ, పల్పింగ్ సమయం, నానబెట్టిన గంటలు, ఆరిన రోజులు నమోదు కావాలి. చదువురాని రైతులకు బొమ్మల చీటీలు ఉపయోగించాలి.

2. బస్తాలు కలపకముందే ప్రతి లాట్ నుంచి నమూనా తీసుకొని, పేరు కనబడకుండా సంకేత సంఖ్య ఇవ్వాలి.

3. కనీసం ముగ్గురు తీర్పరులు విడివిడిగా మార్కులు వేయాలి. తీర్పుల మధ్య భేదం ఎక్కువగా ఉన్నచోట పరీక్షను పునరావృతం చేయాలి.

4. సగటు మార్కుతో పాటు లోపం పేరు, సంభావ్య కారణం, ఒకే ఒక సవరణ వ్రాసి రైతుకు నెల రోజులలోపు తెలియజేయాలి. వీలైనంతవరకు రైతు చేత ఆ కప్పును త్రాగించాలి.

5. 80 దాటిన లాట్‌లను విడిగా ఉంచి, అదనపు ధరకు కొనుగోలుదారులతో సంప్రదించాలి. కాఫీ బోర్డు 2002లో ప్రారంభించిన ‘ఫ్లేవర్ ఆఫ్ ఇండియా – ఫైన్ కప్’ పోటీ వంటి వేదికలకు అర్హమైన లాట్‌లను పంపాలి.

చిన్న లాట్‌లను విడిగా ఉంచడానికి బస్తాలు, స్థలం, శ్రమ అదనంగా కావాలన్న అభ్యంతరం సహేతుకమైనదే. అన్ని లాట్‌లనూ చివరివరకు విడిగా అమ్మనక్కరలేదు. రుచి చూసిన తరువాత సమాన స్థాయి లాట్‌లను కలపవచ్చు. వద్దన్నది తీర్పుకు ముందు కలపడాన్నే.

ముగింపు

బరువుకు ధర కట్టినంతకాలం పచ్చి కాయకు, పండిన పండుకు భేదం ఉండదు. రైతు కొమ్మ దులపడమే లాభసాటి అవుతుంది. రుచికి ధర కట్టిన రోజున ఎర్రటి పండును ఏరి కోసిన చేతికి విలువ వస్తుంది. ఆ మార్పు కొనుగోలుదారుని చేతిలో కొంత ఉన్నా, తీర్పును రైతు వాకిటికి చేర్చే బాధ్యత విస్తరణ వ్యవస్థదే. ప్రతి సీజన్‌లోను మన్యం నుంచి కాఫీ దిగివస్తున్నది. దాని రుచి ఎలా ఉన్నదన్న మాట మాత్రం తిరిగి కొండెక్కడం లేదు. తన సరుకు మార్కులు, లోపం, సవరణ వ్రాసిన చీటీ ఒక్కటి ప్రతి రైతు చేతికి వచ్చే కోతకు ముందు అందేటట్లు చూడడం ఈ శాస్త్రాన్ని అభ్యసించినవారి కనీస కర్తవ్యం.